అండాశయ కాన్సరు మెదడుకు పాకినప్పుడు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కబురు పంపినప్పుడు, షుగరు గురించో బి.పి. గురించో చెబుతామని అనుకొని ఉంటారు. వాటి గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. మేము ఎంచుకొన్నది వేదికల మీద ఎవరూ ఎత్తని సంగతి. ఆడవారికి అండాశయంలో వచ్చే కాన్సరు, వైద్యం జరిగి కొంతకాలం బాగున్న తరువాత మెదడుకు పాకితే ఏమవుతుంది, అప్పుడు చేయగలిగిందేమిటి అన్నది. మేము అంటే ఒక్కరం కాదు. కాన్సరు రోగులను చూసే డాక్టర్లం, నర్సులం కలిసి కూర్చొని వ్రాసుకొన్న మాటలివి. చదివేది ఒక్కరు, అంతే.

ఇది అరుదైన సంగతే. అండాశయ కాన్సరు వచ్చిన నూరుమందిలో ఒకరికో ఇద్దరికో మెదడుకు పాకుతుంది. అయితే 2022 సంవత్సరపు అంచనా ప్రకారం మన దేశంలో ఏడాదికి 47 వేలమందికి పైగా స్త్రీలలో ఈ కాన్సరు కొత్తగా బయటపడుతోంది. అందులో నూటికి ఒకరిద్దరంటే వందల ఇళ్ళ లెక్క. ఆ ఇళ్ళలో జరిగేది చాలాసార్లు ఒకే తీరుగా ఉంటుంది. మొదట దాన్ని గుర్తుపట్టరు. గుర్తుపట్టిన రోజున "మెదడుకు ఎక్కిందట, ఇంకేముంది" అని చేతులు వదిలేస్తారు. ఈ రెండు చోట్లా వారాలు పోతాయి. ఆ వారాల గురించే మా బాధంతా.

ముందు జబ్బు సంగతి. గర్భసంచికి అటొకటి ఇటొకటి బాదంకాయంత అండాశయాలుంటాయి. అక్కడ పుట్టే కాన్సరు మొదట్లో నొప్పి పెట్టదు. కడుపు ఉబ్బరం, రెండు ముద్దలు తినగానే నిండినట్టుండటం, మాటిమాటికి మూత్రం, ఇంతే. "గ్యాసు" అని సోడా త్రాగి ఊరుకొంటారు. పొట్టలో నీరు చేరి చీర కుచ్చిళ్ళు అందనప్పుడు డాక్టరు దగ్గరకు వస్తారు. అప్పటికి చాలామందిలో అది కడుపంతా చల్లినట్టు ఉంటుంది. ముందే పట్టుకొనే పరీక్ష ఏదైనా ఉందా అని అందరూ అడుగుతారు. బ్రిటన్‌లో రెండు లక్షలమందికి పైగా స్త్రీలకు ఏళ్ళ తరబడి రక్తపరీక్షలు, స్కానింగులు చేసి చూశారు. వాటివల్ల ఈ కాన్సరు మరణాలు తగ్గలేదని 2021లో తేల్చారు. కనుక ఏ బాధా లేనివారు ఆ పరీక్షల కోసం డబ్బు పోసుకోనక్కరలేదు. బాధ ఉన్నవారు మాత్రం సిగ్గుపడి ఆగవద్దు.

అండాశయ కాన్సరుకు ఇష్టమైన చోటు కడుపే. పేగులమీద కొవ్వుపొర, కాలేయం పైభాగం, పొట్ట లోపలి పొర, ఇవి దాని దారులు. మెదడుకు వెళ్ళాలంటే రక్తంలో పడి పైకి ప్రయాణం చేయాలి. పూర్వం అంతవరకు రోగి బ్రతికేది కాదు. 1978లో సిస్‌ప్లాటిన్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. 1992లో ఒక చెట్టు బెరడులో దొరికిన పాక్లిటాక్సెల్ వచ్చింది. ఇప్పుడు సిస్‌ప్లాటిన్‌కు బదులు దాని చెల్లెలు వంటి కార్బోప్లాటిన్ ఎక్కువగా వాడుతున్నాము. ఆపరేషను, ఈ మందులు కలిసి ఆయుష్షును ఏళ్ళకు పెంచాయి. ఆయుష్షు పెరిగింది గనుకనే, వెనుకటి కాలంలో చూడని ఈ మెదడు సమస్యను ఇప్పుడు చూస్తున్నాము.

మరో కారణం కూడా ఉంది. రక్తానికీ మెదడుకూ మధ్య సహజంగా ఒక పరదా ఉంటుంది. రక్తంలో తిరిగే ప్రతి వస్తువునూ అది లోపలికి రానివ్వదు. మనల్ని కాపాడటానికి ఉన్నదే. కాని కీమో మందులను కూడా చాలావరకు ఆపేస్తుంది. అందువల్ల కడుపులోని కాన్సరు మందుకు కరిగిపోతున్నా, ఆ పరదా వెనుక దాక్కొన్న నాలుగు కణాలు క్షేమంగా పెరుగుతాయి. కడుపు స్కానింగు శుభ్రంగా ఉంటుంది. సీఏ-125 అనే రక్తపరీక్ష కూడా మామూలుగా ఉండవచ్చు. రిపోర్టులన్నీ బాగున్నాయి గదా అని ఇంటివారు ధైర్యంగా ఉంటారు. తలలో గడ్డ పెరుగుతూ ఉంటుంది. "రిపోర్టు బాగుంది" అన్నమాట ఆ రిపోర్టు చూసిన చోటుకే వర్తిస్తుంది. తలను ఎవరూ చూడనప్పుడు తల బాగున్నదని ఏ కాగితమూ చెప్పలేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవలసిన మాట.

మొదటి వైద్యం జరిగిన సుమారు రెండేళ్ళకు ఇది బయటపడటం కద్దు. కొందరికి ఇంకా ముందే, కొందరికి చాలా ఏళ్ళ తరువాత. ఎలా తెలుస్తుంది? పుస్తకాలలో తలనొప్పి, వాంతులు, మూర్ఛ, ఒక పక్క బలహీనత అని వ్రాస్తారు. అవి నిజమే. తలనొప్పి తెల్లవారుజామున ఎక్కువగా ఉండి, వాంతి అయ్యాక కాస్త తేలికపడటం దీని లక్షణం. కాని ఇంట్లో మీకు ముందుగా కనబడేవి చిన్న చిన్నవి. ఎడమ చేతిలోని చాయి గ్లాసు రెండుసార్లు జారిపడుతుంది. కాలి చెప్పు ఊడిపోయినా తెలియకుండా నాలుగడుగులు నడిచేస్తుంది. నమాజుకు నిలబడితే ఒక పక్కకు తూలుతుంది. సాలనులో ఉప్పు వేసి మళ్ళీ వేస్తుంది. కూతురిని పిలవబోయి పేరు నోటికి రాక చేత్తో సైగ చేస్తుంది. ఎన్నడూ కసరని మనిషి అకారణంగా కసురుతుంది.

ఇంట్లోవారు వీటికి ఎన్ని పేర్లు పెడతారో! కీమో వేడి అంటారు. నరాల బలహీనత అంటారు. వయస్సు అంటారు. మనసు పాడయిందంటారు. గాలి సోకిందని కూడా అంటారు. దువా చేయించండి, దర్గాకు పోవాలంటే పొండి, మేము వద్దనము. కాని కాన్సరుకు వైద్యం పొందిన మనిషిలో వీటిలో ఏ ఒక్కటి కొత్తగా కనిపించినా, అదే వారంలో కాన్సరు డాక్టరుకు చెప్పి తల స్కానింగు చేయించండి. మూర్ఛ వస్తే అదే రోజు. చాలాసార్లు స్కానింగులో ఏమీ ఉండదు. రక్తంలో ఉప్పు తగ్గడం వల్లనో షుగరు వల్లనో అలా జరిగిందని తేలుతుంది. అదీ మంచిదే గదా.

మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళాలగుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం ఇంకా పోలేదు. తాళాలతో పని జరగదు. చెంచాతో పళ్ళు విరుగుతాయి. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, మెడ దగ్గర గుడ్డలు వదులు చేయండి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే మరొకటి వచ్చినా వెంటనే ఆసుపత్రికి.

తలకు ఎం.ఆర్.ఐ. స్కానింగు మేలైనది. నరంలోకి ఒక మందు ఇచ్చి తీస్తారు. దానివల్ల చిన్న గడ్డలు కూడా తెల్లగా కనిపిస్తాయి. గొట్టంలాంటి యంత్రంలో అరగంటకు పైగా కదలకుండా పడుకోవాలి, చప్పుడు చాలా ఎక్కువ. నల్లపూసలు, ముక్కుపుడక, పిన్నులు అన్నీ తీసేయాలి. శరీరంలో ఎక్కడైనా లోహపు పరికరం ఉంటే ముందే చెప్పాలి. స్త్రీ సిబ్బంది కావాలనుకొంటే ముందురోజే అడగండి, తప్పేమీ లేదు. ఆ కారణం చెప్పి స్కానింగు వాయిదా వేయడం మాత్రం తప్పు.

గడ్డ ఉందని తేలింది అనుకోండి. చాలామందికి మొదట ఇచ్చేది చాలా చవకైన మాత్ర, డెక్సామెథసోన్. గడ్డకన్నా దాని చుట్టూ ఉన్న వాపే ఎక్కువ బాధ పెడుతుంది. ఈ మాత్ర ఆ వాపును తీస్తుంది. ఒకటి రెండు రోజుల్లోనే తలనొప్పి తగ్గి, పడిపోయిన చెయ్యి కాస్త లేవవచ్చు. ఇక్కడే ఒక ప్రమాదం. ఇంటివారు "నయమైపోయింది" అనుకొని పై వైద్యానికి పోరు. నయం కాలేదు, వాపు తగ్గింది, అంతే. ఈ మాత్రవల్ల షుగరు పెరుగుతుంది, నిద్ర పట్టదు, ఆకలి మండిపోతుంది. ఎక్కువకాలం వాడితే తొడలు బలహీనమై నేలమీద నుండి లేవలేరు. డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. మూర్ఛ వచ్చినవారికి దానికి వేరే మాత్రలుంటాయి, అవి గడియారం ప్రకారం పడాలి.

రంజాను నెలలో ఈ మాత్రల సంగతి మాకు ఎప్పుడూ వచ్చే తగాదా. పొద్దుటి మాత్రను ఇఫ్తారుకు జరిపి, మధ్యాహ్నపుదాన్ని మానేసి రోజా ఉండే తల్లులున్నారు. జబ్బుమనిషికి రోజాలో మినహాయింపు ఉన్న సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. చెప్పవలసింది ఆమెకు, అదీ ఇంట్లో పెద్దవారి నోట. డాక్టరు చెబితే వినరు లెండి.

ఇక అసలు వైద్యం. మెదడులో గడ్డ ఒక్కటే ఉండి, తీయడానికి వీలైన చోట ఉండి, మనిషి లేచి తిరుగుతూ ఉంటే ఆపరేషను మంచి దారి. 1990లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశీలన ఈ విషయంలో చాలా పేరు పొందింది. మెదడుకు ఒకే గడ్డ పాకిన 48 మందిని రెండు భాగాలు చేశారు. కొందరికి మెదడంతటికీ రేడియేషను మాత్రమే ఇచ్చారు. మిగతావారికి ముందు గడ్డ తీసి, ఆ తరువాత రేడియేషను ఇచ్చారు. మొదటివారిలో సగంమంది 15 వారాలకు మించి బ్రతకలేదు. రెండవవారిలో సగంమంది 40 వారాలు దాటారు. మాకు ఇంకా ముఖ్యంగా తోచేది మరో లెక్క. తమ పనులు తాము చేసుకోగలిగిన కాలం మొదటివారికి 8 వారాలు, రెండవవారికి 38 వారాలు. ఎవరి సాయం లేకుండా స్నానం చేసి, తన చేత్తో అన్నం తినగలిగిన కాలం అన్నమాట.

వారిలో ఎక్కువమందికి వేరే అవయవాల కాన్సర్లు. అండాశయ కాన్సరు మెదడుకు పాకడం అరుదు గనుక దీనికొక్కదానికే పెద్ద పరిశీలనలు చేయడం కష్టం. ఊపిరితిత్తుల, రొమ్ము కాన్సర్లలో నేర్చుకొన్నదాన్నే ఇక్కడా వాడుతున్నాము. ఒకచోట గడ్డ తీయించుకొని రేడియేషను పొందిన అండాశయ రోగులలో ఏడాదీ, అంతకుపైనా బాగా ఉన్నవారున్నారని మాత్రం పలు ఆసుపత్రుల అనుభవం చెబుతున్నది.

రేడియేషను అనగానే మన ఇళ్ళల్లో "కరెంటు పెట్టడం" అంటారు. ఈ పేరు చాలా చెడు చేసింది. పిచ్చాసుపత్రిలో తలకు షాకు ఇస్తారే, అదే ఇది అనుకొని భయపడేవారున్నారు. ఇందులో కరెంటు తగలదు, నొప్పి ఉండదు. ఎక్సురే వంటి కిరణాలు, అంతకన్నా బలమైనవి. బల్లమీద కదలకుండా పడుకోవాలి, ముఖానికి సరిపోయే జాలీ వంటి ముసుగు తొడుగుతారు.

ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి మెదడంతటికీ ఇచ్చేది, సాధారణంగా రెండు వారాల్లో పది సార్లు. గడ్డలు చాలా ఉన్నప్పుడు ఇదే దారి. జుట్టు రాలుతుంది, మనిషి నీరసపడుతుంది. కొన్ని నెలల తరువాత మతిమరుపు రావచ్చు. రెండవది గడ్డ ఒక్కదానికే గురిపెట్టి ఇచ్చేది. స్వీడన్ దేశపు మెదడు సర్జను లార్స్ లెక్సెల్ 1951లో ఈ ఆలోచన చేసి, 1960ల చివరికల్లా యంత్రం తయారు చేయించాడు. దాన్ని గామా నైఫ్ అంటారు. కత్తి అని పేరే గాని కోత లేదు. దాదాపు రెండువందల సన్నని కిరణాలు అన్ని వైపుల నుండి వచ్చి ఒక్క బిందువు దగ్గర కలుస్తాయి. దారిలో ఒక్కో కిరణం చేసే హాని స్వల్పం, కలిసినచోట మాత్రం గడ్డ మాడిపోతుంది. ఇప్పుడు మామూలు రేడియేషను యంత్రాలతో కూడా ఈ పని చేస్తున్నారు. ఒక్కరోజులోనో, మూడు నుండి అయిదు రోజుల్లోనో పూర్తవుతుంది.

గడ్డలు నాలుగుకు మించితే ఇది పనికిరాదని లోగడ అనుకొనేవాళ్ళం. జపానులో 1194 మంది మీద చేసి 2014లో ప్రకటించిన పరిశీలనలో, అయిదు నుండి పది గడ్డలున్నవారు కూడా రెండు మూడు నాలుగు గడ్డలున్నవారంత కాలమే జీవించారు. గురిపెట్టి ఇచ్చినదానికి తోడు మెదడంతటికీ కూడా ఇస్తే మతిమరుపు పెరిగింది గాని ఆయుష్షు పెరగలేదని 2009లో, 2016లో అమెరికా పరిశీలనలు చెప్పాయి. కనుక మెదడంతటికీ రేడియేషను అని చెప్పినప్పుడు, "గడ్డకు మాత్రమే ఇవ్వడానికి వీలు లేదా?" అని అడగండి. మర్యాదగా అడిగితే ఏ డాక్టరూ కోపగించుకోడు. వీలులేని కారణం ఉంటే చెబుతాడు.

తల సంగతి చూసిన తరువాత మందుల వంతు. గడ్డ పెరిగినచోట ఆ పరదా కొంత చిరుగుతుంది, కనుక కీమో అక్కడికి కొంత చేరుతుంది. మొదటిసారి కార్బోప్లాటిన్‌కు బాగా లొంగి, చాలాకాలం ఊరుకొన్న జబ్బయితే మళ్ళీ అదే మందు పనిచేసే అవకాశం ఉంది. బి.ఆర్.సి.ఎ. అనే జన్యువులో లోపం ఉన్నవారికి 2014 నుండి ఓలాపరిబ్ వంటి మాత్రలు వచ్చాయి. మెదడుకు పాకిన కొందరిలో కూడా ఇవి పనిచేసినట్లు వైద్య పత్రికలలో వచ్చింది.

ఈ జన్యువు మాట వచ్చింది గనుక, నచ్చినా నచ్చకపోయినా ఒక సంగతి చెప్పాలి. అండాశయ కాన్సరు వచ్చినవారిలో ఆరేడుగురిలో ఒకరికి ఈ లోపం పుట్టుకతో వచ్చినదే. అమ్మ నుండే కాదు, నాన్న నుండి కూడా రావచ్చు. లోపం ఉన్నవారి బిడ్డల్లో ప్రతి ఒక్కరికీ అది వచ్చే అవకాశం సగానికి సగం. మొదటి రకం లోపం ఉన్న స్త్రీలలో నూటికి సుమారు 40 మందికి జీవితకాలంలో అండాశయ కాన్సరు వస్తుంది. పిల్లలు పుట్టాక సరైన వయస్సులో అండాశయాలు, వాటి నాళాలు తీయించుకొంటే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. కాని ఇంటివారు పరీక్ష వద్దంటారు. ఎందుకంటే, "తెలిస్తే మా పిల్లలకు సంబంధాలు రావు." ఆ భయం ఉత్తది అని మేము అనము. లోకం ఎట్లా ఉందో మాకూ తెలుసు. కాని తల్లి పోయిన జబ్బుతోనే కూతురు నలభై అయిదేళ్ళకు మా ముందు కూర్చోవడం మేము చూస్తున్నాము. సంబంధాలు చూసే పెద్దలు చాలామంది ఈ సభలోనే ఉన్నారు. వారు మారితే ఆ పిల్లలు పరీక్షకు వస్తారు.

మరో ముచ్చట. డాక్టరు గది తలుపు దగ్గరే కొడుకులు ఆపి, "అమ్మీకి చెప్పకండి సార్" అంటారు. ప్రేమతోనే అంటారు. కాని తలకు ముసుగు తొడిగి రోజూ యంత్రం కింద పడుకోబెడుతుంటే ఆమెకు తెలియదా? తెలుస్తుంది. అడగడానికి మాత్రం మనిషి దొరకదు. మెదడు జబ్బులో ఇంకో తొందర కూడా ఉంది. తరువాత తరువాత మాట తడబడవచ్చు, ఆలోచన చెదరవచ్చు. ఎవరికి ఏమివ్వాలి, చిన్నకూతురి సంగతేమిటి, ఎంతవరకు వైద్యం కావాలి, ఎవరితో మాట మాట్లాడి కలుపుకోవాలి, ఇవి ఆమె చెప్పగలిగిన రోజుల్లోనే వినాలి. అంతా ఒకేసారి చెప్పనక్కరలేదు. ఆమె అడిగినంత చెబితే చాలు.

అందరికీ వైద్యం పనిచేయదు. ఈ జబ్బులో చాలామందికి మిగిలేది నెలలే, కొందరికి ఏళ్ళు. గడ్డలు ఎక్కువై, కడుపులో జబ్బు కూడా తిరగబెట్టి, మనిషి మంచం దిగలేని స్థితిలో ఉంటే, మళ్ళీ మళ్ళీ యంత్రం కిందికి మోసుకుపోవడం మేలు కాదు. అప్పుడు నొప్పి, వాంతి, మూర్ఛ లేకుండా ఇంట్లో ఉంచడమే వైద్యం. హైదరాబాదు రెడ్ హిల్సులో మెహదీ నవాజ్ జంగ్ గారి పేరున ఉన్న ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో దీనికి ప్రత్యేక విభాగం ఉంది. నొప్పికి మార్ఫిన్ మాత్ర ఇస్తే మనిషి అలవాటుపడిపోతుందని భయపడి దాచిపెట్టే ఇళ్ళున్నాయి. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే ఆ భయం అనవసరం.

ఇక ఖర్చు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ తెలంగాణలో ఆ పేరుతోనే ఉంది, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఆపరేషను, కీమో, రేడియేషను చాలావరకు వీటిలో జరుగుతాయి. గురిపెట్టి ఇచ్చే రేడియేషను అన్ని ఆసుపత్రులలో ఉండదు. కనుక ఇల్లో నగో అమ్మకముందే, ఆసుపత్రి ద్వారం దగ్గర కూర్చొనే ఆరోగ్యమిత్రను అడిగి, ఏది వర్తిస్తుందో కాగితం మీద వ్రాయించుకోండి. ఎం.ఎన్.జె. గాక హైదరాబాదు నిమ్సులోను, విశాఖ దగ్గర అగనంపూడిలో టాటావారి హోమీ భాభా కాన్సరు ఆసుపత్రిలోను కాన్సరు వైద్యం ఉంది.

వెళ్ళేటప్పుడు ఫైలు మరచిపోవద్దు. మొదటి ఆపరేషను చీటీ, బయాప్సీ రిపోర్టు, ఏ కీమో ఎన్నిసార్లు ఏ తేదీలలో ఎక్కించారో ఆ కాగితాలు, తల స్కానింగు ఫిల్ములు లేదా సీడీ, ఇప్పుడు వాడుతున్న మాత్రల అట్టలు. ఇవన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఇంట్లో ఒక్కరి చేతిలో ఉంచండి. ఆ ఒక్కరే ప్రతిసారీ రోగితో వెళ్ళాలి. వారానికొక అల్లుడు, వారానికొక కొడుకు వస్తే మేము చెప్పింది ఇంటికి చేరేసరికి ఇంకొకటవుతుంది.

ఆడవారు అడగదలచుకొన్నవి ఉంటే లోపలి గదిలో మా నర్సమ్మలు కూర్చొని ఉంటారు. మిగతావారి ప్రశ్నలు ఇక్కడే వింటాము. సెలవు.